పాత బీఎండబ్ల్యూకి కొత్త స్టీరియో: కప్లర్ కొయ్యకుండా మార్చడం ఎలా

సెకండ్‌హ్యాండ్‌లో కొన్న నా 2009 మోడల్ బీఎండబ్ల్యూ 320డీకి మొదటిసారి సెట్ మార్పించింది ఒక షాపులో. నలభై నిమిషాల్లో పని అయిపోయింది. పెద్ద తెర, బ్లూటూత్, మ్యాపులు అన్నీ వచ్చాయి. ఆ సాయంత్రమే అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వెనక్కి తీస్తూ పిల్లర్‌కి తగిలించాను. పార్కింగ్ సెన్సార్ కూయలేదు మరి. నాలుగో రోజు పొద్దున సెల్ఫ్ కొట్టలేదు. డ్యాష్‌బోర్డు విప్పి చూస్తే కంపెనీ కప్లర్ (వైర్లన్నీ కలిపి గుచ్చే ప్లగ్గు) కోసేసి, వైర్లు మెలిపెట్టి, నల్ల టేపు చుట్టి ఉంది.

కొత్త సెట్‌లో ఏ లోపమూ లేదు. పాత సెట్ పాటలు పాడడంతో పాటు ఇంకేం పనులు చేస్తోందో చూసుకోకుండా దాన్ని పీకేయడమే తప్పు. ఆ తర్వాత అదే కారుకి నేనే మళ్లీ కూర్చుని సరిగ్గా బిగించాను. తెలిసినవాళ్ల కార్లు ఇంకొన్ని చేశాను. మీ చేతిలో పాత బీఎండబ్ల్యూనో, బెంజో, ఆడీనో ఉండి, సెట్ మారుద్దామని ఉంటే ఇలా చేయండి. మీరే చేసుకోకపోయినా, షాపువాడి పక్కన నిలబడి ఏం అడగాలో తెలుస్తుంది.

విప్పకముందు కాగితం తీసుకోండి

ఒక ఆదివారం పొద్దున కారులో కూర్చుని, పాత సెట్‌తో ముడిపడిన పనులన్నీ ఒక్కొక్కటిగా రాయండి. రివర్స్ గేరు వేస్తే వచ్చే కూత ఎక్కడి నుంచి వస్తోంది? ప్రత్యేకంగా చిన్న బజర్ నుంచా, డోర్ స్పీకర్లలోంచా? నా 3 సిరీస్‌లో పార్కింగ్ సెన్సార్ కూత, సీటుబెల్టు గంట అన్నీ రేడియో ద్వారా స్పీకర్లలోకే వస్తాయి. రేడియో తీసేస్తే కారు మూగదైపోతుంది. ఏసీ సెట్టింగులు ఆ తెర మీదే కనిపిస్తున్నాయా? గడియారం, సర్వీసు రిమైండర్, తలుపుల లాకు సెట్టింగులు ఆ మెనూలోనే ఉన్నాయా? స్టీరింగ్ మీద బటన్లు ఎన్ని, ఏది నొక్కితే ఏం జరుగుతోంది? కెమెరా ఉందా?

ఐడ్రైవ్ గుండ్రటి నాబ్ ఉన్న బీఎండబ్ల్యూ, అలాంటిదే ఎంఎంఐ ఉన్న ఆడీల్లో ఈ జాబితా ఒక పేజీ దాటుతుంది. నాబ్ లేని మామూలు సీడీ రేడియో కార్లలో అర పేజీ. కొత్త సెట్ బిగించాక ఈ కాగితం పెట్టుకునే ఒక్కొక్కటీ టిక్ కొట్టాలి కాబట్టి పారేయకండి.

ఇంకో రెండు విషయాలు ఇదే కాగితం మీద రాసి పెట్టుకోండి. ఒకటి, రేడియో కోడ్. ఆ కాలపు యూరోపియన్ సెట్లు చాలావాటికి బ్యాటరీ తీసి పెడితే కోడ్ కొట్టమంటాయి. ఆ కార్డు సాధారణంగా ఓనర్స్ మాన్యువల్ పర్సులో ఉంటుంది. రెండు, డోర్ జాలీల మీద హార్మన్ కార్డన్, బోస్ లాంటి పేరు ఏదైనా ఉందా అన్నది. ఉంటే కారులో ఎక్కడో విడిగా ఒక ఆంప్లిఫయర్ (ఆంప్) ఉన్నట్టు. ఎక్కువగా డిక్కీలో పక్క ప్యానెల్ వెనకాల ఉంటుంది.

అది చూడడానికి డిక్కీ ప్యానెల్ తీసినప్పుడు మన విశాఖ కార్లకు ఒక అదనపు తనిఖీ ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఈ ఊళ్లోనే ఉన్న కారైతే నీళ్లు తాగే ఉండొచ్చు. డిక్కీ కార్పెట్ కింద చెయ్యి పెట్టి చూడండి. నీటి మరకలు, ఆంప్ కప్లర్ పిన్నుల మీద పచ్చటి తుప్పు కనిపిస్తే ముందు ఆ సంగతి చూసుకోవాలి. బీచ్ రోడ్డు, ఎంవీపీ కాలనీ వైపు బయట పార్క్ చేసే కార్లకు తుఫాను రాకపోయినా ఉప్పుగాలికి ఈ పచ్చదనం పడుతుంది. కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కొట్టి, మెత్తటి బ్రష్‌తో రుద్ది, ఆరనిస్తే చాలాసార్లు సరిపోతుంది.

మీ కారు ఏ తరానిది?

చాలా ముఖ్యమైన మెట్టు ఇది. పైకి అన్ని సెట్లూ ఒకేలా ఉంటాయి కానీ వెనకాల వైర్ల లోకం మూడు రకాలు.

మొదటిది, సుమారు 2000కు ముందు కార్లు. మెర్సిడెస్ 1995లో పుణెలో తయారీ మొదలుపెట్టింది డబ్ల్యూ124 ఈ-క్లాస్‌తో. ఆ కారు, దాని తర్వాతి డబ్ల్యూ210 ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తాయి. వీటి సెట్ వెనక ఐఎస్ఓ అనే ప్రామాణిక కప్లర్లు రెండుంటాయి, ఒకటి కరెంటుకి, ఒకటి స్పీకర్లకి. బజారులో దొరికే ఐఎస్ఓ అడాప్టర్ గుచ్చితే పని అయిపోయినట్టే. ఒక్కటే మెలిక: ఫోక్స్‌వ్యాగన్, ఆడీల్లో కరెంటు కప్లర్‌లో 4వ పిన్ను, 7వ పిన్ను తారుమారుగా ఉంటాయి. తాళం తీయగానే కొత్త సెట్ స్టేషన్లు, సెట్టింగులు మర్చిపోతోందంటే కారణం అదే. అడాప్టర్‌లో పసుపు, ఎర్ర వైర్లను ఒకదాని చోట ఒకటి మార్చండి.

రెండోది, నా కారు రకం. బీఎండబ్ల్యూ చెన్నై ఫ్యాక్టరీ 2007లో మొదలైంది 3 సిరీస్‌తోనే కాబట్టి మన దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో తిరిగే ఈ90లు (నా కారు తరం 3 సిరీస్‌కి కోడ్ పేరు) చాలా వరకు ఆ తర్వాతివే. వెనకాల ఒకే పెద్ద చదరపు కప్లర్ ఉంటుంది, క్వాడ్‌లాక్ అంటారు. ఇందులో తాళం పెట్టామన్న సంగతి చెప్పే 12 వోల్టుల వైరే ఉండదు. ఆ కబురు కేన్ అనే రెండు సన్నటి వైర్ల మీద సందేశంగా వస్తుంది. స్టీరింగ్ బటన్లు, రివర్స్ గేరు, లైట్లు వేశామన్న కబురూ అంతే. కాబట్టి ఆ సందేశాన్ని చదివి మామూలు కరెంటుగా మార్చే చిన్న డబ్బా కావాలి. దాన్ని కేన్‌బస్ డీకోడర్ అంటారు. నా కారుకి షాపులో ఈ డబ్బా పెట్టలేదు. తాళం కరెంటు దొరక్క, సెట్ ఎర్ర వైరును తీసుకెళ్లి ఎప్పుడూ కరెంటు ఉండే పసుపు వైరుకి కలిపేశారు. తెర ఆర్పినా సెట్ లోపల మేలుకునే ఉంది. అందుకే నాలుగో రోజుకి బ్యాటరీ చచ్చింది.

మూడోది ఫైబర్. 2000 తర్వాత వచ్చిన ఖరీదైన మోడళ్లలో సెట్, ఆంప్, సీడీ ఛేంజర్, ఫోన్ మాడ్యూల్ ఒకదానికొకటి ప్లాస్టిక్ ఆప్టికల్ ఫైబర్‌తో గొలుసుగా కట్టి ఉంటాయి. దీని పేరు మోస్ట్. డబ్ల్యూ211 ఈ-క్లాస్ దీనికి మంచి ఉదాహరణ. శబ్దం రాగి తీగల్లో కాకుండా ఎర్రటి వెలుతురుగా ప్రయాణిస్తుంది. గొలుసు గుండ్రంగా తిరిగి మొదటి డబ్బాకే వస్తుంది కాబట్టి మధ్యలో ఒక్కటి పీకినా మొత్తం మూగబోతుంది. గుర్తుపట్టడం సులువు: సెట్ కప్లర్‌లో అగ్గిపుల్లంత మందంలో బెంజ్‌లో నారింజ రంగు, బీఎండబ్ల్యూలో ఆకుపచ్చ రంగు కేబుళ్లు జంటగా దూరి ఉంటే అదే.

ఈ మూడో రకం వాళ్లకి నా సలహా ఒకటే. సెట్ మార్చకండి. మీ కారు పాత తెరను, పాత ఆంప్‌ను అలాగే ఉంచి, వాటికే కార్‌ప్లే, ఆండ్రాయిడ్ ఆటో (ఫోన్‌లోని మ్యాపులు, పాటలు కారు తెర మీద చూపించేవి) తెచ్చే ఇంటర్‌ఫేస్ బాక్సులు మోడల్‌ను బట్టి దొరుకుతాయి. ఏసీ మెనూలు, సెన్సార్ కూతలు ఎక్కడివక్కడే ఉంటాయి. మార్చే తీరాలంటే మోస్ట్ అడాప్టర్ కొనాలి. అది లేకుండా ‘స్పీకర్లకి డైరెక్టుగా కొత్త వైర్లు లాగేస్తాం సార్’ అంటే, దండం పెట్టి బయటికి వచ్చేయండి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: ఆ కేబుల్‌ను మడత పెట్టకూడదు, 25 మిల్లీమీటర్ల కంటే తక్కువ వ్యాసార్థంతో వంచకూడదు. దాని కొసను వేలితో తాకినా నూనె అంటి వెలుతురు తగ్గుతుంది.

ఏం కొనాలి

సైజు సంగతి త్వరగా చెప్పేస్తాను. సింగిల్ డిన్ అంటే ముఖం సుమారు 180 × 50 మిల్లీమీటర్లు, డబుల్ డిన్ 180 × 100. మీ మోడల్‌కే చేసిన ఫ్రేము లేకుండా ఏదీ అందంగా కూర్చోదు.

సెట్ విషయానికి వస్తే రెండు దారులున్నాయి. పయనీర్, సోనీ, కెన్‌వుడ్, ఆల్పైన్ లాంటి పేరున్న సెట్లు ఒక దారి. వాటిలో యాప్‌లు ఉండవు, ఫోన్ కలిపితే కార్‌ప్లేనో, ఆండ్రాయిడ్ ఆటోనో వస్తుంది. సౌండ్ శుభ్రంగా ఉంటుంది, ఐదారేళ్ల తర్వాత కూడా అలాగే ఉంటుంది. రెండో దారి మీ కారు డ్యాష్‌బోర్డు ఆకారంలోనే పెద్ద తెరతో వచ్చే ఆండ్రాయిడ్ సెట్లు. చూడ్డానికి బాగుంటాయి, డీకోడర్ కూడా డబ్బాలోనే వస్తుంది. కానీ 2 జీబీ ర్యామ్ సెట్ కొంటే ఏడాదిలోనే విసుగు పుడుతుంది. కనీసం 4 జీబీ తీసుకోండి. నాకైతే మొదటి దారే ఇష్టం. కారులో తెర మొరాయిస్తే వచ్చే చిరాకు ఇంట్లో ఫోన్ మొరాయిస్తే రాదు.

డబ్బా మీద ‘50 వాట్స్ × 4’ అని రాసి ఉంటుంది. నమ్మకండి. సెట్ లోపలి చిప్ కారు కరెంటుతో నిలకడగా ఇచ్చేది ఒక్కో ఛానెల్‌కి ఇంచుమించు 20 వాట్లు. అందుకే వెనకాల ప్రీ-అవుట్ సాకెట్లు (ఆంప్‌కి సౌండ్ సిగ్నల్ ఇచ్చేవి) ఎన్ని ఉన్నాయి, వాటి వోల్టేజీ 2నా, 4నా అని చూడండి. రేపు ఆంప్ పెట్టుకోవాలన్నా, కంపెనీ ఆంప్‌కి ఇవ్వాలన్నా అవే పనికొస్తాయి.

స్పీకర్ల ఓమ్స్ కూడా చూడాలి. బజారు సెట్లు చాలావరకు 4 ఓమ్ స్పీకర్లకు చేసినవి. లగ్జరీ కార్లలో కంపెనీ స్పీకర్లు కొన్ని 2 ఓమ్‌వి ఉంటాయి. వాటిని నేరుగా కలిపితే సెట్ వేడెక్కి, సౌండ్ పెంచగానే ఆగిపోతుంది. మల్టీమీటర్‌తో కొలిస్తే 4 ఓమ్ స్పీకర్ సుమారు మూడున్నర చూపిస్తుంది, 2 ఓమ్‌ది రెండు కంటే తక్కువ చూపిస్తుంది.

బడ్జెట్‌కి ఒక మాట: సెట్ ధర ఎంతో, ఫ్రేము, డీకోడర్, కప్లర్ అడాప్టర్, యాంటెన్నా అడాప్టర్లన్నిటికీ దాదాపు అంత పక్కన పెట్టుకోండి. వీటి దగ్గర మిగుల్చుకున్న డబ్బు తర్వాత ఎలక్ట్రీషియన్‌కి వెళ్తుంది. అన్నీ చేతికి వచ్చాకే కారు విప్పండి. ఆర్డర్ పెట్టి, డ్యాష్‌బోర్డు విప్పి, కొరియర్ కోసం ఎదురుచూస్తూ వారం రోజులు కారు దిగాలుగా నిలబడడం నేను చూశాను.

పని మొదలు

కావలసినవి: ప్లాస్టిక్ ప్రై టూల్స్, టార్క్స్ బిట్లు (టీ20 తప్పనిసరి, అంటే మ్యాచ్ కాదు, నక్షత్రం ఆకారపు బిట్), మల్టీమీటర్, క్రింపింగ్ ప్లయర్, హీట్ ష్రింక్ స్లీవ్‌లు, మాస్కింగ్ టేపు, పాత తువ్వాలు. స్క్రూలు వేసుకోవడానికి ఇడ్లీ ప్లేటు తీసుకోండి. ఒక్కో గుంటలో ఒక్కో చోటి స్క్రూలు వేస్తే తిరిగి బిగించేటప్పుడు గందరగోళం ఉండదు. ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటేనే సుమా.

నీడలో పెట్టుకుని పొద్దున్నే మొదలుపెట్టండి. మే నెలలో మధ్యాహ్నం మర్రిపాలెం ఎండలో నిలబడ్డ కారు డ్యాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టలేం. పదిహేనేళ్ల ప్లాస్టిక్ లాకులు ఎండకి ఎండి పెళుసుబారి ఉంటాయి. ఒకటో రెండో విరుగుతాయి, దానికి టెన్షన్ పడకండి. విడి లాకులు ముందే నాలుగు కొని ఉంచుకోండి.

ముందు బ్యాటరీ మైనస్ తీయండి. ఈ90లో బ్యాటరీ డిక్కీలో కుడి పక్కన ఉంటుంది. మైనస్ తీశాక డిక్కీ మూత మాత్రం వేయకండి. దాని లాకు కరెంటుతో నడిచేది. మూత పడితే తాళంచెవి రంధ్రం కోసం వెతుక్కోవాలి. పావుగంట ఆగి పని మొదలుపెట్టండి. మధ్యలో పరీక్షించడానికి బ్యాటరీ కలిపినప్పుడు, ఏ కప్లర్లు ఊడి ఉన్నాయో చూసుకున్నాకే తాళం పెట్టండి. ఎయిర్‌బ్యాగ్‌కి సంబంధించిన కప్లర్ ఊడి ఉండగా ఇగ్నిషన్ వేస్తే మీటర్‌లో ఎర్ర లైటు వెలిగి స్కానర్ పెట్టేదాకా ఆరదు.

ట్రిమ్ (సెట్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ పట్టీ) ఊడదీయడంలో కిటుకు ఓపికే. ప్రై టూల్ ఆనించే చోట మాస్కింగ్ టేపు అంటించండి. అంచున మొదటి లాకు ‘టక్’మన్నాక రెండోదానికి వెళ్లండి, మధ్యలో పట్టుకుని లాగొద్దు. స్క్రూలు ట్రిమ్ వెనకాల దాగి ఉంటాయి. బలం పెట్టాల్సి వచ్చిందంటే ఎక్కడో ఒక స్క్రూ మిగిలిపోయిందన్నమాట. పాత బెంజ్ సెట్ల ముఖం మీద సన్నటి గాట్లు ఉంటాయి, వాటిలో ప్రత్యేకమైన రేకు తాళాలు దూర్చి లాగాలి. చాకు, హెయిర్‌పిన్ను పెట్టి ప్రయత్నిస్తే ముఖం గీరుకుపోతుంది.

గేరు లివర్ మీద తువ్వాలు పరిచి, సెట్‌ను దానిమీద వాల్చండి. ఏ కప్లర్ ఎక్కడ ఉందో, ఏ వైరు ఎటు పోతోందో ఫోన్‌తో నాలుగు ఫొటోలు తీశాకే ఊడదీయండి.

వైర్లు: బల్ల మీద, కారులో కాదు

కంపెనీ కప్లర్‌ను కొయ్యకూడదు. అడాప్టర్‌కి ఒక పక్క మీ కారు కప్లర్‌లో దూరే ముఖం, ఇంకో పక్క విడి వైర్లు ఉంటాయి. కొత్త సెట్‌తో వచ్చిన వైర్లను ఆ విడి వైర్లతో ఇంట్లో బల్ల మీద కూర్చుని కలపండి. డ్యాష్‌బోర్డులో తల దూర్చి చేసే జాయింట్ ఎప్పుడూ సరిగ్గా రాదు. క్రింప్ చేసి (ప్లయర్‌తో నొక్కి బిగించి), పైన స్లీవ్ వేసి వేడి చేయండి. ఒట్టి టేపు వద్దు. మన ఎండకి జిగురు కరిగి, టేపు జారి, ఆరు నెలల్లో వైర్లు బయటపడతాయి.

బజారు సెట్లలో రంగులు దాదాపు అన్నిటికీ ఒకటే. పసుపు ఎప్పుడూ ఉండే 12 వోల్టులు, ఎరుపు తాళం కరెంటు, నలుపు ఎర్త్, నారింజ లైట్ల కరెంటు. స్పీకర్లకు తెలుపు ముందు ఎడమ, బూడిద ముందు కుడి, ఆకుపచ్చ వెనక ఎడమ, ఊదా వెనక కుడి. నల్ల గీత ఉన్నది మైనస్. ఇదంతా కొత్త సెట్ వైపు సంగతి. కారు వైపు రంగులు కంపెనీకో తీరు. వాటిని రంగు చూసి కాదు, మల్టీమీటర్ పెట్టి, మీ మోడల్ డయాగ్రామ్ చూసి నిర్ధారించుకోవాలి. కేన్ ఉన్న కారులో ఎరుపు వైరు డీకోడర్ ఇచ్చే కరెంటుకే వెళ్లాలి, పసుపుకి కాదు. నా కథ చెప్పాను కదా.

రెండు నీలం వైర్ల దగ్గర చాలామంది తప్పు చేస్తారు. ఒట్టి నీలం యాంటెన్నాకి, నీలం మీద తెల్ల గీత ఉన్నది ఆంప్‌ని లేపడానికి. ఈ కార్లలో యాంటెన్నా వెనక అద్దంలోనో, పైకప్పు మీదో ఉండి, దానికి చిన్న బూస్టర్ ఉంటుంది. పాత సెట్ ఆ బూస్టర్‌కి కరెంటు ఇచ్చేది. కొత్తదానికి యాంటెన్నా అడాప్టర్ పెట్టినప్పుడు దాని పక్కన వేలాడే చిన్న నీలం వైరును వదిలేస్తే, ఊరి మధ్యలో సిరిపురంలో నిలబడినా ఎఫ్ఎం గరగరమంటుంది. ‘ఈ సెట్‌లో రేడియో వేస్ట్ సార్’ అని షాపుల్లో చెప్పే మాటకి చాలాసార్లు అసలు కారణం ఈ ఒక్క వైరు.

ఏ స్పీకర్ వైరు ఏదో తేలకపోతే పాత చిట్కా ఒకటుంది. సెట్ కప్లర్ ఊడదీసి ఉన్నప్పుడు, గోడ గడియారంలో వేసే 1.5 వోల్టుల సెల్లును ఆ రెండు వైర్లకు ఒక్క క్షణం తాకించండి. స్పీకర్‌లో ‘టప్’ మని చప్పుడొస్తే అది నేరుగా ఆ స్పీకర్‌కే వెళ్తోంది. స్పీకర్ జాలీ తీసి ఉంటే కోన్ ముందుకు వచ్చిందా, వెనక్కి పోయిందా కూడా కనిపిస్తుంది. ముందుకు వస్తే సెల్లు ప్లస్ తాకిన వైరు ప్లస్. అసలు చప్పుడే రాకపోతే మధ్యలో ఆంప్ ఉందని అర్థం. అప్పుడు సెల్లు ఆట ఆపేసి ప్రీ-అవుట్‌ల దారి పట్టండి. ఒక్క స్పీకర్ ప్లస్-మైనస్ తారుమారైనా బేస్ మాయమైపోతుంది. నా కారులో సీట్ల కింద రెండు వూఫర్లు ఉన్నాయి, మొదటి షాపు పనిలో అవి ఉన్నాయో లేవో తెలిసేది కాదు.

ఎర్త్‌ని పెయింట్ ఉన్న బ్రాకెట్‌కి బిగించొద్దు. అడాప్టర్‌లో ఉన్న కంపెనీ ఎర్త్‌నే వాడండి. విడిగా ఆంప్ పెడితే దాని ఎర్త్ బాడీకి, పెయింట్ గీకి, బోల్టుతో బిగించాలి. ఇంజిన్ రైజ్ చేస్తే స్పీకర్లలో ‘కూయ్’మని ఆ శబ్దం కూడా పెరుగుతోందంటే ముందు ఎర్త్‌నే అనుమానించండి.

ఫోన్ మాటల కోసం పెట్టే మైకు వైరును ముందు అద్దం పక్క స్తంభం లోపలి నుంచి లాగేటప్పుడు అక్కడ కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉందేమో చూడండి. ఉంటే వైరు దాని వెనక నుంచి పోవాలి, ముందు నుంచి కాదు. రివర్స్ కెమెరా పెడుతుంటే ఈ తరం బీఎండబ్ల్యూల్లో రివర్స్ లైటుకి వచ్చే కరెంటు నిలకడగా ఉండదు, సెకనుకి ఎన్నోసార్లు ఆగి వస్తుంది. నేరుగా అక్కడి నుంచి తీసుకుంటే బొమ్మ వణుకుతుంది. మధ్యలో రిలేనో ఫిల్టరో పెట్టాలి. హ్యాండ్‌బ్రేక్ వైరును ఎర్త్‌కి కలిపేస్తే కారు నడుస్తుండగా కూడా వీడియో వస్తుంది. ‘కలిపేయమంటారా సార్?’ అని అడుగుతారు. వద్దనండి.

లోపలికి తోసేముందు

సెట్‌ను తువ్వాలు మీదే ఉంచి బ్యాటరీ కలిపి, ఆ ఆదివారం కాగితం తీయండి. సెన్సార్ కూత, సీటుబెల్టు గంట, స్టీరింగ్ బటన్లు, కెమెరా. ఒక్కో స్పీకర్‌ను బ్యాలెన్స్, ఫేడర్‌తో విడివిడిగా వినండి. కూతలు రాకపోతే డీకోడర్ సెట్టింగుల్లో కారు మోడల్ సరిగ్గా ఎంచుకున్నారా చూడండి. కొన్ని డీకోడర్లు ఆ గంటలను ఇవ్వవు. అలాంటప్పుడు విడి బజర్ పెట్టించుకోవాలి.

రేడియోకి మన ఊళ్లో మంచి పరీక్ష ఉంది. మిర్చి 98.3 పెట్టండి, తర్వాత ఆకాశవాణి రెయిన్‌బో 102 పెట్టండి. 98.3 గలగలమని వచ్చి, 102 దగ్గర మాత్రం 101.9 నుంచి 102.1కి దూకేస్తుంటే సెట్ పాడవలేదు. దాని రేడియో రీజియన్ అమెరికాలో ఉంది. అక్కడ స్టేషన్లు 0.2 దూరంలో బేసి అంకెల మీదే ఉంటాయి. మీడియం వేవ్‌లో కూడా అంతే. అక్కడ 10 కిలోహెర్ట్జ్ అంగలు, మనకి 9. విశాఖ ఆకాశవాణి 927 మీద వస్తుంది, పది పది అంగలేస్తే 920 నుంచి 930కి పోతారు, 927 ఎప్పటికీ తగలదు. సెట్టింగుల్లో ఆసియానో యూరప్‌నో ఎంచుకుంటే రెండూ దారికొస్తాయి. జపాన్ నుంచి దిగిన సెకండ్‌హ్యాండ్ సెట్ల సంగతి వేరు. వాటిలో ఎఫ్ఎం 76 నుంచి మొదలై పాతవి 90 దగ్గరే ఆగిపోతాయి. మన స్టేషన్లు ఒక్కటీ రావు, చవకగా ఇస్తున్నారని పడిపోకండి.

అన్నీ సరే అనుకున్నాక వైర్లకు, డీకోడర్ డబ్బాకి వస్త్రపు టేపు చుట్టి, సెట్ వెనక నలిగిపోకుండా గ్లవ్ బాక్స్ వెనకాల ఖాళీలోకి తోయండి. ఈ వస్త్రపు టేపు చుట్టకపోతే సెట్ బిగించిన మర్నాడు భీమిలి రోడ్డులో స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడల్లా డీకోడర్ డబ్బా ‘కటకట’మంటుంది. మళ్లీ విప్పడం కంటే ఇప్పుడే చుట్టడం నయం.

కారు నిద్రపోతోందా?

షాపుల్లో ఎవరూ చేయని పని ఇది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది. బ్యాటరీ మైనస్ వైరుకి, బ్యాటరీకి మధ్య మల్టీమీటర్‌ను 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి కలపండి. డిక్కీ తెరిచే ఉంటుంది కాబట్టి దాని లాకును స్క్రూడ్రైవర్‌తో ‘టక్’మని మూసి, మూత పడిందని కారుని నమ్మించండి. కారు లాక్ చేసి తాళం దూరంగా పెట్టండి. మీటర్ మధ్యలో ఉండగా ఇగ్నిషన్ వేయొద్దు, మీటర్ ఫ్యూజు పోతుంది.

మొదట్లో అంకె పెద్దగానే ఉంటుంది. ఈ కార్లలో కంప్యూటర్లు ఒక్కొక్కటే సర్దుకుని పడుకోవడానికి పావుగంట పైనే పడుతుంది. వెళ్లి టీ తాగి అరగంటకి రండి. అప్పటికి 0.05 ఆంపియర్ దగ్గరకో, అంతకంటే కిందికో దిగి ఉండాలి. 0.5 దగ్గర నిలబడిందనుకోండి. రోజుకి 12 ఆంపియర్-అవర్లు పోతున్నట్టు. 80 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో మూడు రోజులు గడిచేసరికి దాదాపు సగం ఖాళీ. పాత బ్యాటరీకి ఆ సగం చాలు, సెల్ఫ్ కొట్టకపోవడానికి. నా కారుకి నాలుగో రోజు జరిగింది అచ్చంగా ఈ లెక్కే.

అంకె దిగకపోతే కొత్త సెట్ ఫ్యూజు తీసి చూడండి. వెంటనే పడిపోతే సెట్టో, డీకోడరో మేలుకుని ఉన్నట్టు. ఎరుపు వైరులో తాళం తీశాక కూడా 12 వోల్టులు ఉందేమో కొలవండి. నీలం-తెలుపు వైరులో కరెంటు ఆగకపోతే కంపెనీ ఆంప్ పడుకోదు. రెండూ సరిగ్గానే ఉంటే దొంగ వేరే చోట ఉన్నాడు. దాన్ని పట్టుకోవడం వేరే రోజు పని.

మీటర్ తీసేసి బ్యాటరీ బిగించాక మీటర్‌బోర్డులో రెండు మూడు పసుపు లైట్లు వెలుగుతాయి. కంగారు పడకండి. ఇంజిన్ వేసి స్టీరింగ్‌ను ఒక పక్క చివరిదాకా, మళ్లీ రెండో పక్క చివరిదాకా తిప్పి, కాస్త దూరం నడపండి. స్టెబిలిటీ లైటు ఆరుతుంది. పవర్ విండోలు ఒక్క నొక్కుకి పైకి పోకపోతే, అద్దం పూర్తిగా పైకి పోయాక కూడా బటన్ కొన్ని సెకన్లు పట్టుకుంటే మళ్లీ నేర్చుకుంటాయి. గడియారం, తేదీ మీరే పెట్టుకోవాలి.

ఇక పాత సెట్. ‘పాతది వదిలేస్తే తగ్గిస్తాం’ అంటే ఒప్పుకోకండి. కారు అమ్మేటప్పుడు కొనేవాళ్లలో ఒకడైనా ఒరిజినల్ సెట్ ఉందా అని అడుగుతాడు. సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి, పాలిథిన్ కవర్‌లో చుట్టి, కొత్త సెట్ వచ్చిన డబ్బాలోనే పెట్టండి. లోపల రేడియో కోడ్ కార్డు, మిగిలిన స్క్రూలు, మీరు తీసిన వైర్ల ఫొటోల ప్రింటు, టిక్కులు కొట్టిన ఆ కాగితం కూడా వేయండి. డబ్బా మీద కారు నంబరు రాసి అటక మీద పెట్టండి, బాల్కనీ వైపు మాత్రం వద్దు. అక్కడ మన ఉప్పుగాలి దాన్ని కూడా వదలదు.